‘ది’ నేర్పడానికి తెలుగు అడ్డమా?

ఆంగ్ల తరగతిలో తెలుగు మాట వినబడరాదన్న నియమం పలు బడులలో గొప్ప సంస్కరణగా చలామణీ అవుతున్నది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పిల్లలకు కొరుకుడుపడని ‘ఎ’, ‘ది’ల విషయంలో ఈ నియమం చేసే చెరుపు ఇంతంత కాదు.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కనుక ఇక్కడ తెలుగు పనికిరాదని వారి వాదం. లేని మాట నిజమే. సంస్కృతానికీ, లాటినుకూ, రష్యనుకూ లేవు. కాని అవి చెప్పే భేదమే తెలుగులో లేదనడం అవివేకం. ఈ రెండు వాక్యాలు చూడండి:

“బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉంది.”
“వ్యవసాయ కళాశాల బాపట్లలో ఉంది.”

మాటలవే, వరుస మారింది. మొదటి వాక్యం వినేవానికి కళాశాల సంగతి కొత్త. ఆంగ్లంలో ‘ఎన్’ పడుతుంది. రెండవదానిలో ఏ కళాశాలో అతనికి ముందే తెలుసు, ‘ది’ పడుతుంది. “రైలొకటి వచ్చింది” అనడానికీ, రేపల్లె బండి కోసం తెనాలి స్టేషనులో కాచుకొని “రైలు వచ్చింది” అనడానికీ ఉన్న తేడా ఇదే. కథ చెప్పే నాయనమ్మ ‘ఒక రాజు’ అని మొదలుపెట్టి, మరుక్షణం ‘ఆ రాజు’ అంటుంది. అయిదేళ్ల పసివాడు తడబడడు.

అట్లని ‘ఒక’ అంటే ‘ఎ’, ‘ఆ’ అంటే ‘ది’ అని ముడిపెట్టరాదు. “మా అన్న వైద్యుడు” అన్నప్పుడు మనకు ‘ఒక’ అక్కరలేదు, ఆంగ్లానికి ‘ఎ’ తప్పదు. సూర్యునికి మనం ‘ఆ’ తగిలించం, వారు ‘ది’ తగిలిస్తారు. నేర్పవలసిన కీలకం ఒక్కటే: చెప్పేది ఏ వస్తువును గురించో వినేవానికి తెలుసునా, తెలియదా? ఈ ప్రశ్న తెలుగులో అడిగితే పిల్లవానికి ఇట్టే అందుతుంది. దానిని విడిచి, ‘అవర్’కు ముందు ‘ఎన్’, ‘యూనివర్సిటీ’కి ముందు ‘ఎ’ అని వల్లె వేయిస్తున్నారు. అది ధ్వనికి సంబంధించిన సులువైన ముక్క. సంధులెరిగిన జాతికి అదొక లెక్కా?

తెలుగు వినిపిస్తే తర్జుమా ఆంగ్లమే అబ్బుతుందని ఆక్షేపణ. పిల్లవాడు ఎటూ తెలుగులోనే ఆలోచిస్తాడు. ఆర్టికలును మింగివేసేది ఆ దాచిపెట్టిన తెలుగే. రెంటినీ పక్కపక్కన పెట్టి చూపితే తేడా వానికే తెలుస్తుంది.

2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలలను ఆంగ్ల మాధ్యమానికి మార్చేందుకు 81, 85 సంఖ్యల ఉత్తర్వులు వెలువడ్డాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసింది. మాధ్యమం పెద్ద తగవు. నేనడిగేది చిన్నది: ఏ మాధ్యమమైనా సరే, ఆంగ్ల ఉపాధ్యాయుని నోట తెలుగును నిషేధించకండి.

కాదనే మిత్రులు ఉదాహరణలతో రండి, మాట్లాడుకుందాం.