తోటకొట్టునకు ఎలుకల బాధ



తోటలలో పలకల నేలపై కట్టిన కొట్టులయందు మనము విత్తనములను, గోనెలను ఉంచుకొనుచున్నాము. ఎలుకలు చొరబడిన పిమ్మట విషపుటెర వేయుట వాడుక. అది చాలదని నా అభిప్రాయము. ఏలయన, పలకల క్రింద చీకటియు చెత్తయు ఉన్నంతకాలము, చచ్చినవాని చోటికి పొలములోనివి మరల చేరును. ఆ యెర పిల్లికిని కోళ్ళకును కూడ ప్రమాదము.

క్రొత్తగా కట్టువారు నేలను 3 అడుగులకు తగ్గని ఎత్తున నిలిపి, ప్రతి స్తంభమునకు పైభాగమున రేకు గొడుగును బోర్లించి బిగింపవలెను. మెట్లు తీసివేయుటకు వీలుగా ఉండవలెను. చెట్టుకొమ్మలు కొట్టును తాకరాదు.

తక్కువ ఎత్తున కట్టినవారు నేలక్రింది సందును మట్టితో పూడ్చరాదు. పలకలు చివికి చెదలు పట్టును. చుట్టును ఇనుపవల కట్టి, దాని అడుగంచును 1 అడుగు లోతున పాతి వెలుపలికి మడువవలెను. వల కన్ను పావు అంగుళమునకు మించరాదు. చుంచెలుక చిటికెనవ్రేలు పట్టు సందులోనే దూరగలదు.

వల కొనుట ఒక్కరికి భారమైనచో, సభ్యులు కలిసి సంఘముద్వారా చుట్టలుగా తెప్పించుకొనవచ్చును. ఎలుకకు ఇరుగుపొరుగు కొట్టుల భేదము లేదు. కావున కాపుదలయు అందరిదిగా ఉండవలెను.