3డీ స్కాన్‌లో నునుపుకి మార్కులెందుకు?

ఫోన్‌లో 3డీ స్కాన్ యాప్‌ని రివ్యూ చేసేటప్పుడు మనం ముందు చూసేది మోడల్ నీట్‌గా వచ్చిందా లేదా అని. ఆ కొలతే తప్పంటాను.

గురజాలలో అమ్మమ్మ వాళ్ల పాత ఇల్లు పడగొడుతున్నారంటే, తిరగలినైనా దాచుకుందామని ఫోన్‌తో చుట్టూ ఫొటోలు తీసి ఒక యాప్‌లో వేశా. మోడల్ అద్దంలా వచ్చింది. అమ్మమ్మకి చూపిస్తే, "కక్కు ఏదిరా? దీంతో ఏం విసురుతాం?" అంది. నిజమే, ఉలి గాట్లన్నీ పోయాయి.

స్మూతింగ్ అంటే ప్రతి పాయింట్‌నీ పక్క పాయింట్ల సగటు వైపు జరపడం. ఫొటోల వల్ల వచ్చిన నాయిస్ అయినా, రాయి మీద నిజంగా ఉన్న గాటైనా దానికి ఒకటే. మరీ ఎక్కువ చేస్తే మోడల్ కుంచించుకుపోతుంది కూడా.

సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున రా మెష్ ఎక్స్‌పోర్ట్ దొరికింది. దాన్ని పారావ్యూలో (ఓపెన్ సోర్స్, ఫ్రీ) తెరిచి పైథాన్‌లో చిన్న లూప్ రాశా: 20, 200, 2000 సార్లు స్మూత్ చేయి, సంఖ్యని ఫైల్ పేరులోనే పెట్టి సేవ్ చేయి. డిఫాల్ట్ 20కి పెద్దగా తేడా రాలేదు. 200కి నాయిస్ తగ్గింది, గాట్లు నిలిచాయి. 2000కి మళ్లీ ఆ యాప్ ఇచ్చిన గుండే! ఎక్స్‌పోర్ట్‌లో ఒక మెలిక: ఎస్‌టీఎల్‌లో రంగు రాదు, రాయి రంగు కావాలంటే పీఎల్‌వై తీసుకుని కలరింగ్ ఆన్ చేయాలి.

అందరూ స్క్రిప్ట్ రాయక్కర్లేదు. యాప్‌లో ఒక స్లైడర్ పెడితే చాలు. రా మెష్ అసలు ఇవ్వని యాప్‌కి, మోడల్ ఎంత మెరిసినా, నేనైతే మార్కులు కోసేస్తా.