టెక్సస్‌కు వెళ్లే ముందు: ఆదాయపు పన్ను లేదు సరే, ఇంటి పన్ను మాటేమిటి?

అమెరికాలో ఉద్యోగం మారి డాలస్ వైపు వెళ్లాలనుకునే తెలుగు కుటుంబాల లెక్క తరచూ ఒకే మాటతో మొదలవుతుంది: ‘టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు’. అది నిజమే. వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్రం పన్ను వేయకుండా 2019లో ఓటర్లు రాజ్యాంగ సవరణనే ఆమోదించారు. ఫెడరల్ పన్ను మాత్రం ఎక్కడున్నా తప్పదు.

అయితే బడులు, రోడ్లు, పోలీసులకు డబ్బు ఎక్కడి నుంచో రావాలి. అందులో పెద్ద వాటా ఇళ్ల యజమానులదే. స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ, నగరం వేర్వేరుగా ఆస్తి పన్ను వేస్తాయి. 5 లక్షల డాలర్ల ఇంటికి అన్నీ కలిపి 2 శాతం అనుకుంటే, మినహాయింపులకు ముందు ఏడాదికి 10 వేల డాలర్లు. అంటే నెలకు 830 డాలర్లకు పైనే. కొనుగోళ్లపై సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం దాకా ఉంటుంది.

కొత్త కాలనీల్లో ఇల్లు కొనేవారికి మరో రెండు చిక్కులున్నాయి. నీరు, డ్రైనేజీ వసతుల కోసం ఏర్పడిన ‘మడ్’ పరిధిలో ఇల్లు ఉంటే దాని పన్ను అదనం. ఇల్లు కట్టిన ఏడాది బిల్లు చాలాసార్లు ఖాళీ స్థలం విలువ మీదే వస్తుంది. మరుసటి ఏడాది ఇంటి విలువ కూడా చేరడంతో బ్యాంకుకు కట్టే నెల వాయిదా ఒక్కసారిగా పెరుగుతుంది.

అసలు తేడా ఉద్యోగం పోయినప్పుడు తెలుస్తుంది. ఆదాయపు పన్ను జీతంతోపాటే తగ్గుతుంది. ఆస్తి పన్ను జీతాన్ని చూడదు, జనవరి 31లోగా కట్టాల్సిందే. హెచ్-1బీ ఉద్యోగికి కొలువు పోతే మరొకటి వెతుక్కోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలల్లో వీసా బెంగ, ఇంటి వాయిదా, పన్ను అన్నీ ఒకేసారి మీదపడతాయి.

ఊరట కూడా లేకపోలేదు. సొంతంగా నివసించే ఇంటికి ‘హోమ్‌స్టెడ్’ మినహాయింపు ఉంది. స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి తగ్గించే మొత్తాన్ని 2025 నవంబరులో ఓటర్లు 1,40,000 డాలర్లకు పెంచారు. కానీ దరఖాస్తు చేసుకుంటేనే అది వర్తిస్తుంది. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే అప్రైజల్ డిస్ట్రిక్ట్ ముందు అభ్యంతరం చెప్పవచ్చు.

కరెంటు సంగతీ ముందే తెలుసుకోవాలి. టెక్సస్‌లో ఎక్కువ భాగానికి పొరుగు రాష్ట్రాలతో పెద్దగా కలవని సొంత గ్రిడ్ ఉంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో అది చేతులెత్తేసింది. అధికారిక లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. హోల్‌సేల్ ధరను బట్టి మారే ప్లాన్లు తీసుకున్న కొందరికి వేల డాలర్ల బిల్లులొచ్చాయి.

జీతంలో ఎంత మిగులుతుందన్నది లెక్కలో సగమే. కొనబోయే ఇంటికి ఏయే పన్నులు వర్తిస్తాయో కౌంటీ వెబ్‌సైట్లలో చిరునామా కొట్టి చూడవచ్చు. జీతం ఆగితే ఆ ఇంటిని ఎన్ని నెలలు నిలబెట్టుకోగలరో కూడా సంతకానికి ముందే లెక్క వేసుకోవాలి. అప్పటిదాకా ఒక ఏడాది అద్దెకుండి చూడటంలో నష్టం లేదు.