రెండు వారాల గడువు

1969 నవంబరు 18న పశ్చిమాఫ్రికాలోని ఘనా ప్రభుత్వం ‘ఏలియన్స్ కంప్లయన్స్ ఆర్డర్’ అనే ఉత్తర్వును జారీ చేసింది. నివాస అనుమతి పత్రం లేని విదేశీయులు దానిని రెండు వారాలలో సంపాదించుకోవాలి, లేదా దేశం విడిచిపోవాలి. నాటి ప్రధాని కోఫీ బుసియా పదవి చేపట్టి మూడు నెలలైనా నిండలేదు.

ఆ విదేశీయులెవరు? కోకో తోటలలో కూలీలు, సంతలలో చిల్లర వర్తకులు, గొడ్ల బేరగాండ్రు. నైజీరియా, నైజర్, టోగో, నేటి బుర్కినా ఫాసో ప్రాంతాల నుండి వలస వచ్చినవారు, వారి సంతానం. వారిలో ముస్లిములు పెద్ద సంఖ్యలో ఉండేవారు. వారు నివసించే పేటలను జోంగోలు అంటారు. హౌసా భాషలో ఆ మాటకు బాటసారుల విడిది అని అర్థం. తరాలు గడిచినా ఆ విడిది పేరు మాత్రం వారిని వదలలేదు. ఘనాలోనే పుట్టి, మరే దేశాన్నీ చూడనివారు సైతం ఒక్క ఉత్తర్వుతో పరదేశీయులయ్యారు. లక్షలమంది వెళ్లిపోయారు. కోకో తోటలలో పనివారు కరవయ్యారు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన నాకు పద్నాలుగు రోజులంటే ఏమిటో తెలుసు. ఒక దస్త్రం ఈ బల్ల మీది నుండి ఆ బల్ల మీదికి చేరడానికే అవి చాలవు. అటువంటి గడువు విధించినవారి ఉద్దేశం పత్రాలు ఇప్పించడం కాదు, పంపించివేయడమే.

1983 జనవరిలో నైజీరియా అదే పని చేసింది. చమురు ధరలు పడిపోయి, పనులు తగ్గినవేళ ఇంచుమించు ఇరవై లక్షలమందిని వెళ్లగొట్టింది. వారిలో సుమారు సగం మంది ఘనావారే. వారు సామాను కట్టుకుపోయిన గళ్ల సంచులకు ‘ఘనా మస్ట్ గో’ అనే పేరు నేటికీ నిలిచి ఉంది. నాటి అధ్యక్షుడు షేహు షగారీ ముస్లిం. వెళ్లగొట్టబడినవారిలో నైజర్, చాద్ దేశాల ముస్లిములూ ఉన్నారు. సోదరభావం గురించి వేదికలెక్కి మాట్లాడేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. చట్టంలో వ్రాసి ఉన్న హక్కు లేనిచోట సోదరభావం సరిహద్దు దాటించదు.

పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ 1979లోనే స్వేచ్ఛా సంచార ఒప్పందం చేసుకుంది. కాని అది వీసా లేకుండా ఇచ్చిన అవకాశం 90 రోజులే. ఆపైన పనిచేయాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతి సాధారణంగా యజమాని ద్వారానే వస్తుంది, ఉద్యోగం పోతే నివాసమూ ప్రశ్నార్థకమవుతుంది. గల్ఫ్ దేశాలకు బిడ్డలను పంపిన మన కుటుంబాలకు ఈ బాధ వివరించనక్కరలేదు. ఘనా 2013 నాటి పెట్టుబడుల చట్టంలో సంతలోని చిల్లర వర్తకాన్ని తన పౌరులకే కేటాయించింది. ఇటీవలి సంవత్సరాలలో నైజీరియా వర్తకుల దుకాణాలకు స్థానిక వర్తకులు తాళాలు వేసిన సంఘటనలూ జరిగాయి.

పరదేశీయుల రాకపోకలను నియంత్రించే అధికారం ఏ ప్రభుత్వానికైనా ఉంటుంది. నేను దానిని కాదనను. అయితే నిరుడు వచ్చినవానిని, తండ్రి సమాధి ఉన్న ఊళ్లోనే బ్రతుకుతున్నవానిని ఒకే గాట కట్టడం న్యాయం కాదు. గడచిన ఏండ్లకు చట్టంలో విలువ ఉండాలి. ఎవరి సంగతి వారిదిగా విచారించాలి. 1981లో ఆమోదం పొందిన ఆఫ్రికా మానవ హక్కుల ఒడంబడిక 12వ అధికరణం సామూహిక బహిష్కరణను స్పష్టంగా నిషేధించింది. అక్కడి హక్కుల కార్యకర్తలకు అది బలమైన ఆధారం.

బానిసలుగా తరలించబడినవారి వంశీకులకు నివాస హక్కు పొందే మార్గాన్ని ఘనా 2000లో చట్టం ద్వారా కల్పించింది. 2019లో అటువంటివారు 126 మందికి పౌరసత్వమే ఇచ్చింది. మెచ్చుకోదగిన పని. మరి జోంగోలో పుట్టిన బిడ్డకు నేటికీ పుట్టుక ఒక్కటే చాలదు. తల్లిదండ్రులలోనో, అవ్వాతాతలలోనో ఒకరు ఘనా పౌరులని చూపాలి. నాలుగు వందల ఏండ్ల నాడు వెళ్లినవారి వంశాన్ని గుర్తించిన ప్రభుత్వం, అరవై ఏండ్లుగా పన్ను కడుతున్న ఇంటిని గుర్తించడానికి ఏమి అడ్డు వస్తున్నది?