చలానా ఎవరి పేర రాయాలి?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్ బ్రూనో అని ఓ ఊరుంది. 2025 సెప్టెంబరులో ఓ రాత్రి అక్కడి పోలీసులు, తిరగకూడని చోట వెనక్కి తిరిగిన ఒక కారుని ఆపారు. దగ్గరికెళ్లి చూస్తే ఏముందీ, డ్రైవరు సీటు ఖాళీ! అది వేమో కంపెనీ వారి డ్రైవరు లేని టాక్సీ. చలానా ఎవరి పేర రాయాలో తెలీక, కంపెనీకి కబురు చెప్పి వదిలేశారు. నవ్వొస్తోంది కదూ? నవ్వుకున్నాక కాస్త ఆలోచించండి మరి.

ఈ కార్లు కెమెరాలతోనూ, రాడార్లతోనూ చుట్టుపక్కల చూస్తాయి. స్టీరింగు తిప్పేదీ, బ్రేకు వేసేదీ కంప్యూటరే. అది తాగదు, కునుకు తీయదు. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో పోయారు. ఆ చావులు తగ్గుతాయంటే ఎవరు కాదంటారు చెప్పండి? పైగా డ్రైవింగు రాని మనలాంటివాళ్లూ, చూపు మందగించిన అత్తగార్లూ "కాస్త ఆసుపత్రికి తీసుకెళ్లరా నాయనా" అని ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు. ఆ మాట వింటేనే నాకు ప్రాణం లేచొస్తుంది.

అయితే రెండోవైపు కూడా చూడాలి. 2018 మార్చిలో అరిజోనా రాష్ట్రంలోని టెంపేలో, ఉబర్ కంపెనీ పరీక్షిస్తున్న ఇలాంటి కారు, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ల స్త్రీని గుద్ది చంపేసింది. అయిదు సెకన్లకు ముందే ఆమెను పసిగట్టింది గాని మనిషని పోల్చుకోలేదు. గీతలు లేనిచోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న సంగతి దానికి నేర్పనేలేదు! మన కూరగాయల బజారు దగ్గర అలాంటి కారు గతేమిటి, మన గతేమిటి?

శిక్ష ఎవరికి పడిందంటారా? కారులో కాపలాగా కూర్చుని, సెల్‌ఫోనులో కార్యక్రమం చూస్తున్న ఉద్యోగినికి. 2023లో ఆమె నేరం ఒప్పుకుంది. కంపెనీ మీద మాత్రం క్రిమినల్ కేసు పెట్టలేదు.

అందుకే ప్రభుత్వాలు మేలుకున్నాయి. కారు తనంతట తాను నడిచేటప్పుడు తప్పు జరిగితే లోపల కూర్చున్నవారిది కాదు, అనుమతి పొందిన కంపెనీదే బాధ్యత అని బ్రిటన్ 2024లో చట్టం చేసింది. కాలిఫోర్నియా కూడా అదే ఏడు చట్టం చేసి, 2026 జూలై నుంచి పోలీసులు కంపెనీకే నోటీసిచ్చే వీలు పెట్టింది.

మరి మన సంగతి? డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి ఇలాంటి కార్లను రానివ్వనని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ గారు 2023 డిసెంబరులో అన్నారు. డ్రైవరు జీతంతో పొయ్యి వెలిగే ఇళ్లు మన వీధిలోనే ఉన్నాయి కనుక ఆ మాట తేలిగ్గా తీసెయ్యలేం. కాని సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి.లో డ్రైవరు లేని బండ్లను పరీక్షించే కేంద్రం 2022లోనే మొదలయింది. వద్దని ఊరుకుంటే చాలదు, ఒకవేళ వస్తే ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకోవాలి.

ప్రెషర్ కుక్కరు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడందే డబ్బు తియ్యం కదా! అన్నం వండే గిన్నెకే అంత జాగ్రత్త పడేవాళ్లం, పిల్లల్ని ఎక్కించే కారుకి పడొద్దూ? కారు గుద్దితే జవాబు చెప్పేదెవరు, పని పోయిన డ్రైవరుకి దారి చూపేదెవరు? ఈ రెండూ తేలాకే ఆ బండి మన వీధిలోకి రావాలి. మీరేమంటారు?