తలుపులు మాత్రం పాతవి

పాత స్పోర్ట్స్ కారును చివరి బోల్టు దాకా విప్పి, కొత్త ఇంజను, కొత్త సస్పెన్షను, కొత్త బాడీ ప్యానెళ్ళు వేసి, సీటు తోలు రంగు దగ్గర్నుంచి కుట్టు దారం దాకా కొనేవాడి ఇష్టప్రకారం మళ్ళీ కట్టడాన్ని రెస్టోమాడ్ అంటున్నారు. దీని చుట్టూ ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. ఇది పాత కారును బతికించడమేనట. షెడ్డులో తుప్పు పట్టి పోవాల్సిన బండి మళ్ళీ రోడ్డెక్కుతోందట. ఆనాటి ఇంజనీర్లకు చేతకాక వదిలేసిన లోపాలను ఈనాటివాళ్ళు సరిదిద్దుతున్నారట. కార్ల పత్రికలూ, వీడియోలూ, వేలంపాటల కేటలాగులూ ఇదే పాట పాడుతున్నాయి. పనితనం గురించి వాళ్ళు చెప్పేదాంట్లో అతిశయోక్తి లేదు. బతికించడం గురించి చెప్పేది మాత్రం నేను ఒప్పుకోను.

ఈ రంగంలో అందరికంటే పేరున్నది సింగర్ వెహికల్ డిజైన్. క్యాథరిన్ వీల్ అనే ఇంగ్లీషు రాక్ బృందంలో పాటలు పాడిన రాబ్ డికిన్సన్ 2009లో కాలిఫోర్నియాలో దీన్ని మొదలుపెట్టాడు. తాము కార్లు తయారు చేయమనీ, అమ్మమనీ, కారు తెచ్చుకున్నవాళ్ళకు దాన్ని పునరుద్ధరించి ఇస్తామనీ ఆ సంస్థ మొదటినుంచీ చెబుతోంది. తెచ్చుకోవాల్సిన కారు పోర్షే 911లో 964 అనే తరానిది. 1989 నుంచి 1994 దాకా తయారైంది.

ఈ 964 ఏమిటో తెలిస్తేగాని జరుగుతున్నదేమిటో అర్థం కాదు. 911 పాత ఆకారాన్ని దాదాపు అలాగే ఉంచి లోపల 85 శాతం కొత్తదని పోర్షే చెప్పుకున్న కారు ఇది. టార్షన్ బార్లు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. ఏబీఎస్, పవర్ స్టీరింగ్ వచ్చాయి. మొదట విడుదలైన కరేరా 4కు నాలుగు చక్రాలకూ శక్తి అందేది. బంపర్లు బాడీలో కలిసిపోయి ముఖం మారింది. అంటే పాత 911ను కొత్త కాలానికి తగ్గట్టు మార్చే పని ఫ్యాక్టరీయే ఒకసారి చేసేసింది. ఆ ఫలితమే 964.

ఇప్పుడు ఆ కారును షెల్ దాకా ఊడదీస్తారు. ఫ్యాక్టరీ ఇచ్చిన ముఖాన్ని తీసిపారేసి, తలుపులు తప్ప మిగతా బాడీ అంతా కార్బన్ ఫైబర్‌తో, 1960లు, 70ల నాటి 911లా కనిపించేట్టు చేస్తారు. 3.6 లీటర్ల ఇంజను పెరిగి 4 లీటర్లదవుతుంది. నాకు తెలియక అడుగుతాను, ఇందులో పునరుద్ధరణ పొందిన కారు ఏది? 964 అయితే, దాన్ని గుర్తుపట్టే ఆనవాలే మిగల్లేదు. 1970 నాటి 911 అయితే, అది అసలు ఆ షెడ్డులోకే రాలేదు. గుళ్ళ జీర్ణోద్ధరణ పేరుతో శాసనాలున్న స్తంభాలకు ఎనామిల్ రంగు పులిమేవాళ్ళను మనం ఎరుగుదుం. అక్కడ కనీసం రంగు కింద రాయి అలాగే ఉంటుంది.

లోపాలు సరిదిద్దడం అనే మాట దగ్గర కాస్త ఆగాలి. 911లో ఇంజను వెనక చక్రాల ఇరుసుకు కూడా అవతల వేలాడుతుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వెనకభాగం ముందుకు తిరిగిపోతుంది. 1960ల్లో దీన్ని అదుపు చెయ్యడానికి ముందు బంపరు రెండు చివర్లా పదకొండేసి కిలోల ఇనప దిమ్మలు దాచిపెట్టారు. నవ్వొచ్చే ఉపాయమే గానీ కొంత పనిచేసింది. 1969 మోడల్‌కు ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచారు. 1973 కరేరా ఆర్ఎస్ 2.7కు, వేగంలో వెనకభాగం తేలిపోకుండా, బాతు తోకలాంటి స్పాయిలర్ పెట్టారు. రేసులకు అర్హత కోసం 500 చేస్తే చాలనుకున్న ఆ కారు 1,500కు పైగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత మెట్టు 964 కాయిల్ స్ప్రింగులు. ఇంజను ఉండకూడని చోట ఉంది, అయినా దాన్ని అక్కణ్ణుంచి కదపం అని పట్టుబట్టినవాళ్ళ మొండితనమే ఈ కారు కథ. ఒక్కో ఏడాది మోడల్ నడిపితే ఆ కథలో ఒక్కో ఘట్టం చేతికి తెలుస్తుంది. 1990 కారుకు ఇప్పటి డ్యాంపర్లు, ఇప్పటి బ్రేకులు బిగించాక 1990లో ఎంతవరకు గెలిచారు, ఎక్కడ ఓడారు అన్నది ఇక ఎవరికీ తెలియదు.

దీనికి రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

కొనేవాడి ఇష్టప్రకారం కారు కట్టడం కొత్తేమీ కాదు కదా, అన్నది మొదటిది. నిజమే. ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించిన పసుపుపచ్చ 1912 రోల్స్ రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. రోల్స్ రాయిస్ షాసీ, ఇంజను ఇచ్చింది. దానిమీద బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ సంస్థ. కానీ బార్కర్ చేతికి వచ్చింది బాడీ లేని కొత్త షాసీ. నిజాం ముచ్చట తీర్చడానికి ఇంకో కారును చంపాల్సిన అవసరం పడలేదు.

రెండో జవాబు ఇంకా గట్టిది. రేసు కార్లలో భాగాలు మారుతూనే ఉంటాయి, అసలు అనేది ఎక్కడుంది, అంటారు. ఈ ప్రశ్న 1990లో లండన్ హైకోర్టు దాకా వెళ్ళింది. 1929, 1930 లె మాన్ రేసులు గెలిచిన బెంట్లీ 'ఓల్డ్ నంబర్ వన్'ను కోటి పౌండ్లకు బేరమాడుకున్నాక, ఇది ఆ కారే కాదని కొనేవాళ్ళు అడ్డం తిరిగారు. వాళ్ళ అనుమానానికి ఆధారం లేకపోలేదు. రేసుల మధ్య దాని భాగాలు మారుతూ వచ్చాయి. 1932లో బ్రూక్లాండ్స్‌లో జరిగిన ప్రమాదంలో దాన్ని నడుపుతున్న క్లైవ్ డన్ఫీ చనిపోయాడు. తర్వాత దాన్ని కూపేగా మళ్ళీ కట్టారు. 1929 నాటి ఇనుము అందులో దాదాపు ఏమీ మిగల్లేదు. అయినా న్యాయమూర్తి అదే ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పిచ్చాడు. ఆ కారు జీవితం ఎక్కడా తెగలేదన్నది ఆయన చూసిన విషయం. ప్రతి మార్పూ రేసు కోసమో, ప్రమాదం వల్లో, వాడకంలో జరిగింది.

రెస్టోమాడ్ సమర్థకులు ఈ తీర్పును తమ పక్షాన చెప్పుకుంటారు. నాకది వాళ్ళకు ఎదురే తిరుగుతుందనిపిస్తుంది. ఒక 964 ముప్పై ఏళ్ళు తిరిగింది, దెబ్బలు తింది, ఎవరెవరి చేతుల్లోనో రిపేరైంది. ఆ దారాన్ని ఒక్కసారిగా తెంపడమే వీళ్ళ పనిలో మొదటి మెట్టు.

సరే, పాత కారులో ఇంత తీసేసేటప్పుడు అసలు పాత కారు ఎందుకు? కొత్త షెల్ కట్టుకోవచ్చుగా? ఆత్మ అనీ వారసత్వం అనీ జవాబులు వస్తాయి. వాటికంటే బరువైన కారణం కాగితాల్లో ఉంది. కొత్త కారుగా అమ్మాలంటే ఇప్పటి క్రాష్ టెస్టులు, ఇప్పటి పొగ పరీక్షలు దాటాలి. ఏడాదికి కొన్ని పదుల కార్లు కట్టే షెడ్డుకు ఆ ఖర్చు కలలో మాట. పాత షాసీ నంబరు ఉంటే అది చట్టం దృష్టిలో 1990 పోర్షేయే. బ్రిటన్‌లో బాగా మార్చిన కారుకు పాత నంబరు నిలవాలంటే ఏళ్ళ తరబడి ఒక మార్కుల లెక్క నడిచింది. షాసీకి 5, సస్పెన్షన్, యాక్సిళ్ళు, గేర్‌బాక్స్, స్టీరింగ్‌కు రెండేసి, ఇంజనుకు 1. మొత్తం 14లో 8 వస్తే పాస్. స్పోర్ట్స్ కారుకు ప్రాణమని మనం అనుకునే ఇంజను విలువ ఒక్క మార్కు! కాబట్టి ఆ షెడ్డుల్లో భద్రంగా కాపాడబడుతున్నది ముఖ్యంగా రిజిస్ట్రేషన్.

స్వచ్ఛతావాదుల తీరు ఇంకో వింత. జాగ్వార్ సంస్థ 2017లో తన పాత స్పోర్ట్స్ కారు ఈ-టైప్‌లో బ్యాటరీ, మోటారు పెట్టి ఈ-టైప్ జీరోగా చూపించింది. మరుసటి ఏడాది ప్రిన్స్ హ్యారీ పెళ్ళిరోజు సాయంత్రం అదే నడిపాడు. గగ్గోలు పుట్టింది. ఇలా మార్చినవి చారిత్రక వాహనాలు కావని పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా 2019లో తేల్చేసింది. ఫీవా మాట సబబే. కానీ బ్యాటరీని పాత ఇంజను కొలతలకే చేశామనీ, ఎప్పుడు కావాలన్నా తీసి పాత ఇంజను పెట్టుకోవచ్చనీ జాగ్వార్ చెప్పింది. కార్బన్ ఫైబర్ తొడిగిన 964 అంత తేలిగ్గా వెనక్కి రాదు. వెనక్కి వచ్చేదాన్ని తిట్టి, రానిదానికి చప్పట్లు కొట్టడం వెనక పెట్రోలు వాసన మీది ప్రేమ తప్ప సూత్రమేమీ లేదు.

964లు అరవై వేలకు పైగా తయారయ్యాయి, కొన్ని వందలు పోతే ఏమవుతుంది అంటారు. కొంపేమీ మునగదు, ఒప్పుకుంటాను. ఆ కార్ల అందాన్ని కూడా ఒప్పుకుంటాను. విలియమ్స్ ఇంజనీరింగ్ విభాగంతో కలిసి సింగర్ చేసిన డీఎల్ఎస్ అనే కారులో, గాలితో చల్లబడే 4 లీటర్ల ఇంజను నుంచి టర్బో లేకుండా 500 హార్స్ పవర్ రాబట్టారు. తొలి 911 ఇంజను రూపొందించిన హాన్స్ మెట్స్‌గర్ సలహా అందులో ఉంది. అది ఈ కాలపు గొప్ప ఇంజనీరింగ్. అందుకే దాన్ని ఈ కాలపు కారుగానే లెక్కించాలి.

మన దేశంలో 2021లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. యాభై ఏళ్ళు దాటి, షాసీ, బాడీ షెల్, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నదే వింటేజ్ అని అందులో రాశారు. ఢిల్లీలో ఫైలు రాసిన గుమాస్తాకు ఉన్న స్పష్టత కార్ల పత్రికల సంపాదకులకు లేకపోవడం విచిత్రం.

కట్టేవాళ్ళను నేను అడిగేవి రెండే. ఊడదీసిన ఇంజను, ప్యానెళ్ళు, సీట్లు అమ్మేయకుండా పెట్టెలో పెట్టి కారుతోపాటే ఇవ్వండి. కాగితాల మీద పోర్షే 1990 పక్కన మీ పేరూ మీరు కట్టిన సంవత్సరమూ వేయండి. చట్టాలు మారేదాకా ఆగనక్కర్లేదు. కుట్టు దారం రంగు దాకా కొనేవాళ్ళు అడిగినట్టే చేస్తున్నారు కదా, కొనేవాళ్ళే ఈ రెండూ అడగొచ్చు.