శరీరంలోని సఫాయీ పని

వ్యాధి నిరోధక శక్తిని గూర్చి మన తరగతి గదులలో జరిగే బోధన యావత్తూ యుద్ధ వర్ణనమే. సూక్ష్మజీవి శత్రువు, తెల్ల రక్తకణం సైనికుడు, ప్రతిదేహం ఆయుధం. ఈ ఉపమానం విద్యార్థికి సులభంగా అందుతుంది, నిజమే. కాని దాని చాటున, శరీరం అనుదినం చేసుకొనే మరొక పని మరుగున పడిపోతున్నది. అది పారిశుద్ధ్యం, మన ఉర్దూ విభాగపు మిత్రుల మాటలో సఫాయీ.

మానవ దేహంలో రోజుకు సుమారు 33,000 కోట్ల కణాలు నశించి, వాటి స్థానంలో కొత్తవి పుడుతున్నవి. ఈ మృతకణాలను ఎత్తివేయడంలో ముఖ్యపాత్ర స్థూలభక్షక కణాలది. ఏది ఎత్తివేయదగినదో గుర్తించడానికి వాటి ఉపరితలంపై ఉన్న ప్రోటీన్లలో ఒక తెగకు స్కావెంజర్ రిసెప్టర్లని పేరు. విచిత్రమేమంటే, 1979లో గోల్డ్‌స్టీన్, బ్రౌన్ ప్రభృతులు వీటి జాడ కనిపెట్టినది కొలెస్టరాల్‌ను శోధిస్తూ! మార్పు చెందిన కొవ్వు రేణువులను స్థూలభక్షకాలు అదుపు లేకుండా మ్రింగడం వారు చూచారు. ఇవే గ్రాహకాలు బాక్టీరియాను, మృతకణాలను సైతం పట్టుకొనగలవని తరువాత తేలింది.

మరి ఊడ్చే పని ఆగిపోతే? మృతకణం పగిలి, లోపలి డి.ఎన్.ఎ. బయటపడుతుంది. నిరోధక వ్యవస్థ దానిని పరాయిదని భ్రమించి, దానిపై ప్రతిదేహాలను తయారు చేయవచ్చు. లూపస్ అనే స్వయం ప్రతిరక్షక వ్యాధికి ఇదొక ముఖ్య కారణమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, కొందరు లూపస్ రోగుల రక్తంలో ఈ గ్రాహకాలనే ఎదిరించే ప్రతిదేహాలు కనిపించాయి. ఊడ్చేవాని చేతులు కట్టివేయడమన్నమాట. అయితే రోగులందరిలోను మూలమిదేనని చెప్పడం తొందరపాటు. వంశపారంపర్యానికి, హార్మోనులకు, సూర్యరశ్మికి కూడ పాత్ర ఉన్నది.

ఈ రోగులలో పదింట తొమ్మిదిమంది స్త్రీలు. పెక్కుమందికి అది యౌవనంలోనే ఆరంభమవుతుంది. బుగ్గలపై ఎర్రని దద్దు, కీళ్ల నొప్పులు, విడువని జ్వరం, ఇవన్నీ ఇంట్లో ఎండదెబ్బ అనో నీరసమనో త్రోసివేసే లక్షణాలే. మూత్రపిండాలు దెబ్బతిన్నాక ఆస్పత్రికి పరుగెత్తడం కంటె, ముందే రక్త, మూత్ర పరీక్షలు చేయించుకోవడం ఎంతో మేలు. మన విద్యార్థినులకు ఈ మాట ఎవరు చెప్పాలి?

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రయోగశాలలో లీష్‌మన్ రంగుతో రక్తపు పూత చూపే రోజుననే మోనోసైట్‌ను చూపి, ఇది కణజాలంలో ప్రవేశించి స్థూలభక్షకంగా మారగలదని చెప్పి, ఈ కథ వినిపించడానికి పదిహేను నిమిషాలు చాలు.